రూపాయి పావలా మిత్తి అగ్గువా, పదకొండు శాతం అగ్గువా?

దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ రాయొద్దని కోరారు. రాసినామె వయసు ముప్పై ఆరు. ఇంట్లోనే మిషన్ కుడతారు. బతుకమ్మకు, పెళ్లిళ్లకు చేతి నిండా పని, ఆషాఢంలో ఖాళీ. మొత్తం మీద నెలకు ఏడు వేలు వస్తాయట. భర్తకు ట్రాలీ ఆటో ఉంది. బత్తాయి కాయ దిగే రోజుల్లో కిరాయిలు బాగుంటాయి. డీజిల్, రిపేర్లు పోను నెలకు పదిహేను వేల దాకా మిగులుతుంది. ఒక్కతే కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం.

ఆమె పేరు మీద ఒక మైక్రోఫైనాన్స్ లోన్ నడుస్తోంది. అరవై వేలు తీసుకున్నారు, 24 నెలలు, నెలకు 3,170. పది కిస్తీలు కట్టారు, పద్నాలుగు మిగిలాయి. పొదుపు సంఘం బాకీ కింద నెలకు ఇంకో 1,200 పోతుంది. ఇప్పుడు పాత ఆటో మొరాయిస్తోంది. భర్త ఒక సెకండ్ హ్యాండ్ బండి చూశారు, దానికి లక్ష తక్కువ పడింది. పట్నంలోని ఫైనాన్స్ కొట్టువాళ్లు రూపాయి పావలా మిత్తికి రెండేళ్లకు ఇస్తామన్నారు, ఖర్చుల కింద అయిదు వేలు ముందే పట్టుకుంటారట. ఊళ్లో ఒక పెద్దమనిషి రెండు రూపాయలకు ఇస్తానన్నాడు. గ్రామీణ బ్యాంకులో అడిగితే పదకొండు శాతం అన్నారు, కాగితాలన్నీ తెస్తే మూడు వారాలు పడుతుందన్నారు. మైక్రోఫైనాన్స్ అబ్బాయి పాత లోన్ క్లోజ్ చేసి కొత్తగా ఎనభై వేలు ఇప్పిస్తానంటున్నాడు.

ఇవి కాక ఉత్తరం చివర ఒక మాట రాశారు. కూతురి చదువు కోసం ఆరేళ్లుగా కూడబెట్టి బ్యాంకులో తన పేరున 70 వేలు ఎఫ్‌డీ చేశారు, ఆరున్నర శాతానికి. ఆ సంగతి భర్తకు తెలియదు, అన్నకు తెలుసు. "బ్యాంకు ఇచ్చేది ఏం మూలకు, తీసి నాకియ్యి, రెండు రూపాయలకు తిప్పుతా" అని అన్న అడుగుతున్నాడు. "పదకొండు ఎక్కడ, రూపాయి పావలా ఎక్కడ, అంత తేడా ఉంటే బ్యాంకు చుట్టూ ఎందుకు తిరగాలె అని మా ఆయన అడుగుతుండు. నాకు జవాబు తెలుస్తలేదు. టెన్షన్‌తో నిద్ర పడ్తలేదు" అని ముగించారు.

చెల్లెమ్మా,

మీ ఆయన అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నన్నాళ్లూ ఈ ప్రశ్న నేను వందల సార్లు విన్నాను. అడిగినవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. తప్పు మీది కాదు. ఒకరు కిలోల్లో, ఒకరు మానికల్లో చెబితే ఎవరికైనా తికమకే.

ఊళ్లో రూపాయి మిత్తి అంటే వందకు నెలకు ఒక రూపాయి. బ్యాంకు చెప్పే శాతం వందకు ఏడాదికి. రూపాయి మిత్తిని పన్నెండుతో గుణిస్తే పన్నెండు శాతం. బ్యాంకు పదకొండును పన్నెండుతో భాగిస్తే తొంభై రెండు పైసలు. అంటే బ్యాంకు మీకు చెప్పింది రూపాయి లోపు మిత్తి. రూపాయి పావలా అంటే ఏడాదికి పదిహేను శాతం, రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. ఈ ఒక్క లెక్కతోనే మీ ఆయన ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

మిగతా సగం ఇంకా ముఖ్యం. ఫైనాన్స్ కొట్టువాళ్ల రూపాయి పావలా నిజానికి రూపాయి పావలా కాదు. ఒక కాగితం తీసుకుని నాతోపాటు రాయండి. లక్షకు నెలకు 1,250 మిత్తి, 24 నెలలకు 30 వేలు. అసలుతో కలిపి లక్షా ముప్పై వేలు. దాన్ని 24తో భాగిస్తే నెలకు 5,417. ఇందులో మీరు ప్రతి నెలా అసలు కిందే 4,167 తిరిగి ఇచ్చేస్తున్నారు. పన్నెండు నెలలయ్యేసరికి అసలు సగం తీరిపోతుంది. కానీ పదమూడో నెలలో కూడా వాళ్లు లక్ష మీదే మిత్తి తీసుకుంటారు. చివరి నెల చూడండి. మీ దగ్గర వాళ్ల డబ్బు 4,167 మాత్రమే ఉంటుంది, దాని మీద ఆ నెల మిత్తి 1,250. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. మిగిలిన అసలు మీదే మిత్తి వేసే పద్ధతిలోకి మారిస్తే ఇది రెండు రూపాయల ఇరవై పైసల దగ్గర తేలుతుంది, ఏడాదికి ఇరవై ఆరున్నర శాతం. పైగా ముందే అయిదు వేలు పట్టుకుంటే మీ చేతికి వచ్చేది 95 వేలే, కట్టేది మాత్రం లక్షకు. అప్పుడది రెండు రూపాయల డెబ్బై పైసల దగ్గరికి పోతుంది.

బ్యాంకు పదకొండు శాతం మిగిలిన అసలు మీదే. లక్షకు రెండేళ్లకు నెలకు సుమారు 4,660 కిస్తీ. మొత్తం మిత్తి పన్నెండు వేల లోపు. అక్కడ ముప్పై వేలు, ఇక్కడ పన్నెండు వేలు. మీ ఆయనకు ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి.

ఇంత లెక్క మీరే వేసుకోనక్కర్లేదు కూడా. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే వ్యక్తిగత లోన్లకు బ్యాంకులూ, రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలూ 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. మిత్తి, ఖర్చులు, వాళ్లే పెట్టే ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అదే. ఫైనాన్స్ కొట్టుకు వెళ్లి "ఏపీఆర్ ఎంతో రాసివ్వండి" అని ఒక్క మాట అడగండి. రాసిస్తే బ్యాంకుతో పోల్చుకోవచ్చు. రాసివ్వకపోతే వాళ్లకు రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. లేకపోతే మీరు కంపెనీ దగ్గర కాదు, బోర్డు పెట్టుకున్న ఒక వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేస్తున్నట్టు.

ఇప్పుడు మీ పాత మైక్రోఫైనాన్స్ లోన్. అరవై వేలకు 24 నెలలు 3,170 అంటే అది మిగిలిన అసలు మీద రెండు రూపాయలు, ఇరవై నాలుగు శాతం. వాళ్ల మీద నాకు కోపం లేదు. హామీ అడగకుండా, ఊళ్లోకే వచ్చి, చిన్న మొత్తాలు ఇచ్చి నెలనెలా తిరిగి వసూలు చేయడానికి ఖర్చవుతుంది. వాళ్లూ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చే ఇస్తారు. కానీ 2022 ఏప్రిల్ నుంచి వాళ్ల వడ్డీకి రిజర్వ్ బ్యాంకు పైహద్దు తీసేసింది, రేటు కంపెనీలే నిర్ణయించుకుంటాయి. మరీ హద్దు దాటితే జోక్యం ఉంటుంది. 2024 అక్టోబరులో నాలుగు ఫైనాన్స్ కంపెనీలను అధిక వడ్డీ కారణం చూపి కొత్త లోన్లు ఇవ్వకుండా కొన్నాళ్లు ఆపింది కూడా. అయినా రోజువారీగా మిమ్మల్ని కాపాడేది మీ లెక్కే.

ఆ అబ్బాయి చెప్పిన ఎనభై వేల సంగతి తొందరగా చెప్పేస్తాను. మీ పాత లోన్‌లో మిగిలిన అసలు సుమారు 38,400. అది పట్టుకుంటే చేతికి వచ్చేది 41,600. బండికి అది చాలదు. పద్నాలుగు నెలల్లో తీరే అప్పు మళ్లీ 24 నెలలవుతుంది, కిస్తీ 4,230 దాకా పెరుగుతుంది. ఇది నాకు నచ్చలేదు.

మీ అన్న మాట దగ్గరికి వద్దాం. బ్యాంకు ఆరున్నరే ఇస్తుంది, నిజం. సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే ఇంకా తక్కువ. పెద్ద ప్రభుత్వ బ్యాంకుల్లో రెండున్నర శాతం దగ్గరే, పోస్టాఫీసు పొదుపు ఖాతాలో నాలుగు. అలా చూస్తే రెండు రూపాయలు ఆశ పెట్టేదే. కానీ బ్యాంకులో మీ డబ్బుకు 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. మీ అన్న ఎవరికి ఇస్తాడో, వాళ్లు పంట ఎండితే ఎలా తిరిగిస్తారో మీకు తెలియదు. రాకపోతే డబ్బూ పోతుంది, పుట్టింటితో మాటా పోతుంది. ఒకటి గమనించారా? రెండు రూపాయల మిత్తి సంపాదించే చోటు మీ ఇంట్లోనే ఉంది. మీరు రెండు రూపాయల మిత్తి కడుతున్న ఆ 38,400 బాకీని తీర్చేస్తే, ఆ మిత్తి ఎవరి దయా లేకుండా మీకే మిగులుతుంది. ఒక చేత్తో ఆరున్నర తీసుకుంటూ ఇంకో చేత్తో ఇరవై నాలుగు ఇస్తున్నారు ఇప్పుడు.

దానికి ఎఫ్‌డీ విరగ్గొట్టనక్కర్లేదు. ఎఫ్‌డీ మీదే లోన్ ఇస్తారు. సాధారణంగా డిపాజిట్‌లో తొంభై శాతం దాకా, అంటే మీకు 63 వేల దాకా. మిత్తి ఎఫ్‌డీ రేటుకు ఒకటి, రెండు శాతం ఎక్కువ. ఎఫ్‌డీ మీ పేరునే ఉంది కాబట్టి సులువు, చాలా చోట్ల ఆ రోజే పని అయిపోతుంది. మైనర్ పిల్ల పేరున ఉంటే ఇంత తేలిక కాదు. 38,400 ఇలా తీసుకుంటే మొదటి నెల మిత్తి 240 నుంచి 270 రూపాయలు. అదే బాకీకి ఇప్పుడు మైక్రోఫైనాన్స్‌కు నెలకు 770 దాకా మిత్తే పోతోంది. గడువుకు ముందే తీర్చినందుకు మైక్రోఫైనాన్స్ లోన్ మీద జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. "ఫోర్‌క్లోజర్ ఎంత" అని కాగితం మీద రాయించుకోండి, కట్టాక రసీదుతో పాటు బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకోండి. లోన్ కార్డు మీదా రాయించండి. రసీదు లేకుండా సెంటర్ మీటింగ్‌లో ఎవరి చేతికీ అంత డబ్బు ఇవ్వొద్దు.

ఇక బండి. మీ ముందున్న దారులు నాకు ఇలా కనబడుతున్నాయి.

బ్యాంకు లోన్ వస్తుందన్న నమ్మకం ఉంటే ఎఫ్‌డీ లోన్‌తో మైక్రోఫైనాన్స్ తీర్చేసి, బండికి బ్యాంకులో వెళ్లడం అన్నిటికన్నా తక్కువ ఖర్చు. అప్పుడు బ్యాంకుకు 4,660, సంఘానికి 1,200, ఎఫ్‌డీ లోన్ కింద నెలకు రెండు వేలు కట్టినా మొత్తం 7,860. ఫైనాన్స్ కొట్టు దారిలో పోతే పాతవీ కొత్తవీ కలిపి 9,787. మీ ఇద్దరి రాబడి 22 వేలు. మైక్రోఫైనాన్స్ నియమం ప్రకారం ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. 9,787 ఆ హద్దులోనే ఉంది. కానీ ఆషాఢంలో మీ మిషన్ ఖాళీగా ఉన్న నెల, అదే నెలలో బండికి టైర్ మార్చాల్సి వస్తే? ఆ రెండు వేల తేడా అప్పుడు తెలుస్తుంది.

లోన్ ఎవరి పేరు మీద అన్నది కూడా ఆలోచించండి. మీ ఆయనకు డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, బండి ఆయన పేరున ఉంటుంది, దాని మీద సంపాదన ఆయనది. ముద్ర పథకంలో 50 వేలు దాటి 5 లక్షల దాకా లోన్లకు 'కిశోర్' అని ఒక విభాగం ఉంది, ఆస్తి హామీ అడగరు. ఆయన పేరునే దరఖాస్తు పెట్టమని మేనేజర్‌ను అడగండి. బండి ఆయనది, బాకీ మాత్రం మీది అన్న ఏర్పాటు ఇప్పటికే మీ మెడ మీద ఒకటి ఉంది, రెండోది వద్దు.

మీరు అడిగింది మొన్నటిదాకా ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) అని పిలిచిన బ్రాంచే అయితే, 2025 జనవరి 1 నుంచి అది తెలంగాణ గ్రామీణ బ్యాంకు. కొత్త ఫారాలు అక్కడే తీసుకోండి. ఆధార్, పాన్, లైసెన్స్, బండి ఆర్సీ జిరాక్స్, అమ్మేవాళ్ల నుంచి ధర కాగితం, ఆరు నెలల ఖాతా స్టేట్‌మెంట్ ఒక్కసారే పట్టుకెళ్తే రెండో ట్రిప్పు తప్పుతుంది. ఒక్కో కాగితం కోసం ఒక్కో రోజు కూలి పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

బ్యాంకు కుదరదంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఎఫ్‌డీ లోన్ 63 వేలు బండికే పెట్టి, మిగిలిన 37 వేలకు సంఘాన్ని అడగడం మేలు. సంఘాల బ్యాంకు లింకేజీ లోన్లు 3 లక్షల దాకా ఏడు శాతం, అంటే అరవై పైసల లోపు మిత్తి. మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి కూడా ఉంది. మీ సంఘం పాత బాకీ తీరడానికి ఎన్ని నెలలుందో ఊళ్లో సంఘాల లెక్కలు చూసే వీవోఏను కనుక్కోండి. 'వడ్డీ లేని రుణం' కింద ప్రభుత్వం తిరిగిచ్చే డబ్బును మాత్రం మీ నెల లెక్కలో కలుపుకోవద్దు. అది ఎప్పుడు పడితే అప్పుడు లాభమే. ఈ దారిలో మైక్రోఫైనాన్స్ కిస్తీ పద్నాలుగు నెలలూ నడుస్తుంది, అది దీనిలో కష్టం.

అమ్మేవాడు మూడు వారాలు ఆగనంటే, బ్యాంకు దరఖాస్తు తీసుకున్న తర్వాత మాత్రమే, ఊరి పెద్దమనిషి దగ్గర ఒక్క నెలకు తీసుకోవడం తప్పు కాదు. నెలకు రెండు వేల మిత్తి, అంతటితో పోతుంది. కానీ అక్కడ నెలనెలా కట్టేది మిత్తే, అసలు లక్ష అలాగే నిలబడి ఉంటుంది. రెండేళ్లు సాగితే 48 వేలు మిత్తికే పోతాయి, లక్ష మళ్లీ ఇవ్వాలి. ఆ భయం ఉంటే ఆ గడప తొక్కకండి. తీసుకుంటే ప్రాంసరీ నోటు ఖాళీగా సంతకం చేయొద్దు, మొత్తమూ తేదీ రాశాకే చేయండి. తీర్చిన రోజు నోటు తిరిగి తీసుకోండి.

మీ ఆయన "మైక్రోఫైనాన్స్ వాళ్లకు కట్టకున్నా ఏం కాదట, మన దగ్గర చట్టం ఉందట" అన్నారని రాశారు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్స్ వచ్చిన మాట నిజం, తర్వాత అది చట్టం అయింది. అప్పట్లో ఊళ్లల్లో ఆడవాళ్లు పడ్డ బాధ నేను దగ్గర నుంచి చూశాను, ఆ చట్టం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కానీ రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2024లో మాఫీ అయినవి పంట లోన్లు, వీటికి సంబంధం లేదు. కట్టకపోతే క్రెడిట్ రిపోర్టులో పడుతుంది, ఆ తర్వాత ఈ పదకొండు శాతం బ్యాంకు తలుపు మూసుకుంటుంది. మీ గ్రూపులోని మిగతా ఆడవాళ్ల మీదా ఒత్తిడి పడుతుంది. అదే సమయంలో, ఎప్పుడైనా ఒక కిస్తీ ఆలస్యమైతే మిమ్మల్ని తిట్టే, బెదిరించే, చుట్టాలను సతాయించే హక్కు ఎవరికీ లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ముప్పై రోజుల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

చివరికి ఎఫ్‌డీ సంగతి. దాచినందుకు మిమ్మల్ని తప్పు పట్టను. ఇంట్లో డబ్బు కనబడితే నిలవదని ఆరేళ్లు ఒక్కదానివే భయపడ్డావంటే దానికి కారణం ఉంటుంది. చెప్పడమా, చెప్పకపోవడమా మీరే తేల్చుకోవాలి. చెప్పకుండా కూడా ఎఫ్‌డీ లోన్‌తో మైక్రోఫైనాన్స్ తీర్చవచ్చు, కానీ కిస్తీ ఆగిన నెల ఆయన అడుగుతారు, అప్పుడు ఇంకో అబద్ధం వెతకాలి. చెబితే, ఆ డబ్బు మొత్తం బండికే పెడదామని పట్టుబట్టవచ్చు. నాకు తోచేది ఇది. ముందు బ్యాంకుకు వెళ్లి లోన్ పెట్టి, మైక్రోఫైనాన్స్ తీర్చి, రసీదు చేతిలో పట్టుకుని అప్పుడు చెప్పండి. డబ్బు అప్పటికే పనిలో ఉంటుంది, ఎఫ్‌డీ బ్యాంకు దగ్గర కుదువలో ఉంటుంది, ఎవరూ తీయలేరు. ఆయన మంచి మాట వినే మనిషని ఉత్తరంలో రెండుసార్లు రాశారు. అది నిజమైతే ముందే చెప్పినా నష్టం లేదు.

మీ అన్నకు ఒక్కడికే తెలుసన్నారు కదా. రేపు మీకేదైనా అయితే ఆ డబ్బు మీ బిడ్డకు చేరాలి. బ్యాంకుకు వెళ్లిన రోజే ఎఫ్‌డీ కాగితం మీద నామినీ రాశారో లేదో చూడండి. ఖాళీగా ఉంటే ఆమె పేరు రాయించండి. ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా అడుగుతారు, ఎవరి పేరు చెప్పాలో ఇంట్లోనే ఆలోచించుకుని వెళ్లండి.